కలలో కొంగుముడి

మా అమ్మమ్మ కొంగు కొసన తరచూ రెండు ముళ్లు కనిపించేవి. ఒకటి చిల్లర డబ్బుల ముడి. రెండోది ఉత్త ముడి, అందులో ఏమీ ఉండదు. పొద్దున దొడ్లో పని చేసుకుంటూ, సాయంత్రం పాలవాడు వచ్చినప్పుడు పాత బాకీ సంగతి మాట్లాడాలి అనుకుంటే అక్కడికక్కడే కొంగుకు ముడేసేది. సాయంత్రం గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వెళ్తూ కొంగు బొడ్లో దోపుకుంటుంటే ముడి చేతికి తగిలేది, బాకీ గుర్తొచ్చేది. ముడి మీద ఏమీ రాసి ఉండదు. వేళకు చేతికి తగలడమే దాని పని.

1970ల చివర్లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ లాబెర్జ్ అనే పరిశోధక విద్యార్థికి ఇలాంటి ముడే కావలసి వచ్చింది. నిద్రపోయాక, కల సాగుతుండగా, ఇది కల అని తనకు గుర్తుకు రావాలి. ముడి వెయ్యాల్సింది మెలకువలో, అది తగలాల్సింది కలలో. మెలకువలో వేసుకున్న లెక్కలూ పెట్టుకున్న పట్టుదలలూ కల గుమ్మం దగ్గరే రాలిపోతాయి. అలాంటి చోటికి ఒక ముడిని చేరవెయ్యడం ఎలా? ఆయన కనిపెట్టిన పద్ధతి పేరు మైల్డ్. నెమోనిక్ ఇండక్షన్ ఆఫ్ లూసిడ్ డ్రీమ్స్ అనే మాటల పొడి అక్షరాలు అవి. జ్ఞాపకాన్ని ఊతగా చేసుకుని, ఎరుక గల కలను రప్పించుకోవడం అని చెప్పుకోవచ్చు. పడుకుని, కళ్లు మూసుకుని, నిద్ర పట్టేలోగా చేసే కొద్ది నిమిషాల ఊహ. పరికరం లేదు, మందు లేదు. రెండేళ్లుగా ఈ పద్ధతి గురించి చదువుతూ, స్వయంగా చేసి చూసుకుంటూ వస్తున్నాను. విప్పి చూసేకొద్దీ, అనవసరం అనుకున్న అతుకుకు కూడా ఒక పని ఉందని తెలుస్తోంది. ఆ పనితనాన్ని దగ్గరగా చూపించాలని నా కోరిక.

కలలో ఉండగానే ఇది కల అని తెలియడం కొత్త సంగతేమీ కాదు. ఎత్తు మీంచి పడిపోతూ, ఇది కలే కదా అనుకుని లేచిన అనుభవం చాలామందికి ఉంటుంది. యాభై ఏళ్ల పరిశోధనలను కలిపి లెక్క తీసిన 2016 నాటి అధ్యయనం ప్రకారం జీవితంలో ఒక్కసారైనా ఇలాంటి కల వచ్చినవాళ్లు సుమారు 55 శాతం, నెలకు ఒకటైనా వచ్చేవాళ్లు సుమారు 23 శాతం. దీనికి లూసిడ్ డ్రీమ్ అన్న పేరును స్థిరపరిచినవాడు నెదర్లాండ్స్‌కు చెందిన మానసిక వైద్యుడు, రచయిత ఫ్రెడరిక్ వాన్ ఈడెన్. 1898 నుంచి 1912 వరకు తనకు వచ్చిన ఇలాంటి కలలు 352 అని లెక్క రాసుకుని, 1913లో ప్రచురించాడు. జాగ్రత్, స్వప్న, సుషుప్తి అనే మాటలు పురాణ కాలక్షేపాల్లో విని పెరిగినవాళ్లం కనక మనకు దీన్ని ఊహించుకోవడం తేలికే. స్వప్నం స్వప్నంగానే ఉంటుంది, జాగ్రదవస్థలోని తెలివి కాస్త దాని లోపలికి వస్తుంది. నేను దీన్ని ఎరుక కల అంటాను. దానంతటది ఎప్పుడో వస్తే సరే. కావాలనుకున్నప్పుడు రప్పించడంలో ఉంది పనంతా.

లాబెర్జ్‌కు వందేళ్ల ముందే ఆ పనికి పూనుకున్నవాడు హెర్వే ద సాన్-దెనీ. పారిస్‌లో చైనా భాషా సాహిత్యాల పండితుడు. పదమూడో ఏట తన కలలను రాసుకోవడం మొదలుపెట్టి, 1,946 రాత్రుల కలలతో 22 నోటు పుస్తకాలు నింపాడు. 1867లో తన పేరు వెయ్యకుండా అచ్చేసిన పుస్తకంలో కలలను నడిపించే దారులు వివరించాడు. తర్వాతి కాలంలో ఫ్రాయిడ్ ఎంత వెతికినా ఆ పుస్తకం ఆయనకు దొరకలేదు. నాకు అందులో బాగా నచ్చింది అత్తరు ప్రయోగం. వివరే అనే కొండ ప్రాంతానికి వెళ్లేముందు హెర్వే ఒక కొత్త పరిమళం కొనుక్కున్నాడు. అక్కడున్నన్నాళ్లూ రుమాలుకు అదే రాసుకున్నాడు. తిరిగొచ్చాక సీసా బిగించి దాచేశాడు. నెలలు గడిచాక నౌకరును పిలిచి, ఎప్పుడన్నది తనకు చెప్పకుండా, తాను గాఢనిద్రలో ఉన్నప్పుడు దిండు మీద కొన్ని చుక్కలు చల్లమన్నాడు. అలా చల్లిన నాడు కలలో ఆ కొండలు వచ్చాయి. అదీ ఒక ముడే, వాసనతో వేసిన ముడి. కానీ ఎరుక కల మాత్రం ఆయనకు రాసే అలవాటు వల్ల వచ్చింది, కలలు రాసుకోవడం మొదలెట్టిన 207వ రాత్రి. రోజూ కలల గురించి రాసేవాడికి కలలో కూడా కలల ధ్యాసే ఉంటుంది కదా. ఓపిక ఉన్నవాళ్లు మెచ్చుకోవలసిన దారి అది. ఇంకొకరి చేతిలో పెట్టడానికి వీలైనది కాదు.

లాబెర్జ్‌కు కావలసింది చేతిలో పెట్టదగిన దారి. ఆయన పిహెచ్‌డి అంశమే ఎరుక కల. తలకూ, కళ్ల పక్కనా, గడ్డం మీదా తీగలు అతికించుకుని ప్రయోగశాలలో పడుకోవాలి, ఆ రాత్రే అక్కడే ఎరుక కల కనాలి. మొదట్లో ఆయన చేసింది అందరూ చేసేదే, ఈ రాత్రి నాకు ఎరుక కల వస్తుంది అని పదేపదే చెప్పుకుని పడుకోవడం. నెలకు సగటున ఐదు వచ్చేవి. మైల్డ్ పూర్తి రూపానికి వచ్చాక సగటు ఇరవై దాటింది. ఒక నెలలో 26 కూడా వచ్చాయి. మూడేళ్లలో మొత్తం 389. ఈ లెక్కలతో 1980లో అచ్చేసిన పత్రానికి ఆయన పెట్టిన పేరులోనే, ఎరుక కల నేర్చుకోగల విద్య అన్న మాట ఉంది.

ఐదుకూ ఇరవైకీ మధ్య ఏం మారింది? ముందుగా ఒక క్రియ మారింది. వస్తుంది అనడం మానేసి, గుర్తు తెచ్చుకుంటాను అన్నాడు. వస్తుంది అన్నప్పుడు ఎదురుచూడటం తప్ప మనం చెయ్యగలిగింది లేదు. గుర్తు తెచ్చుకోవడం మాత్రం రోజూ చేసే పనే. ఆఫీసు నుంచి వస్తూ మందులు కొనాలి, పెద్దమ్మ ఫోన్ చేస్తే పెళ్లి తేదీ అడగాలి. మనస్తత్వ శాస్త్రంలో దీన్ని ప్రాస్పెక్టివ్ మెమరీ అంటారు. జరగబోయే వేళకు పనికి రావలసిన జ్ఞాపకం అది. కలలో మనకు తెలివి లేకపోలేదు, సమయానికి గుర్తు రావడం లేదు, అంతే అని లాబెర్జ్ నిర్ణయించుకున్నాడు. పద్ధతి అంతా ఈ ఒక్క నిర్ణయం మీద నిలబడి ఉంది. మన భాషలో ఇది మరీ చక్కగా కుదురుతుంది. గుర్తు అంటే ఆనవాలు. గుర్తుంచుకోవడం అంటే మనసులో నిలుపుకోవడం. గుర్తుపట్టడం అంటే ఎదురుపడ్డదాన్ని ఫలానా అని తెలుసుకోవడం. మైల్డ్‌లో జరిగేది ఈ మూడూ ఒకదానికొకటి తగులుకోవడమే. కలలో ఒక గుర్తు కనిపిస్తుంది, గుర్తుంచుకున్న మాట పైకి వస్తుంది, కలను కలగా గుర్తుపడతాం.

తర్వాత వేళ. రాత్రి మంచమెక్కగానే చేస్తే ఫలితం తక్కువ. నిద్ర సుమారు తొంభై నిమిషాల చుట్లుగా సాగుతుంది. ఒక్కో చుట్టు చివర రెప్పల కింద కళ్లు వేగంగా కదిలే దశ ఒకటి వస్తుంది. 1953లో షికాగో విశ్వవిద్యాలయం నుంచి అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ లోకానికి తెలియజేసిన ఈ దశను రెమ్ అంటున్నాం. బొమ్మ కట్టినట్టుండే కలలు ఎక్కువగా ఇక్కడివే. రాత్రి మొదటి చుట్టులో ఇది కొద్ది నిమిషాలు, తెల్లవారే వేళకు అరగంట, ఒక్కోసారి అంతకు పైన. తెల్లారగట్ట వచ్చిన కల నిజమవుతుందని మన ఇళ్లలో అనే మాట వెనక ఉన్న అనుభవం ఇదేనేమో. ఆ వేళ కలలు పొడుగు, లేచాక గుర్తుండేవీ అవే. అందుకని ముడి కూడా ఆ వేళకు దగ్గర్లోనే వెయ్యాలి. ఐదు గంటలు నిద్రపోయి, కలలోంచి మెలకువ రాగానే ఆ కలను తోక నుంచి తల దాకా కూడదీసుకుని, పది పదిహేను నిమిషాలు ఏదో చదువుతూ పూర్తిగా మేలుకుని ఉండి, తిరిగి పడుకునేటప్పుడు ఊహ మొదలుపెట్టాలి. మధ్యలో అలా మేలుకుని ఉండటాన్ని చాలామంది దాటేస్తారు. మగతలో వేసిన ముడి జారుముడి అవుతుందని నాకు చాలా రాత్రులు పోయాక తెలిసింది.

ఇక ఊహ. నేను ఎక్కువసేపు ఆగదలుచుకున్నది ఇక్కడే. కలను తమ చేతిలోకి తెచ్చుకోవాలనుకునేవాళ్లు సాధారణంగా పడుకునేముందు తాము కోరుకున్న కలను ఊహిస్తారు. ఎగురుతున్నట్టు, సముద్రం మీద నడుస్తున్నట్టు, పోయినవాళ్లతో మాట్లాడుతున్నట్టు. మైల్డ్ ఇవేవీ అడగదు. ఇప్పుడే ఏ కలలోంచి లేచారో ఆ కలలోకే ఊహతో తిరిగి వెళ్లమంటుంది. కథ మార్చవద్దు. మనుషుల్ని మార్చవద్దు. మెలకువ లోకంలో జరగని సంగతి ఆ కలలో ఎక్కడ జరిగిందో వెతికి, అక్కడ ఆగి, ఈసారి మాత్రం దాన్ని గుర్తుపడుతున్నట్టు చూసుకోమంటుంది. బట్ట అంతా పాతదే, ఒక్క కుట్టు కొత్తది.

నా కల ఒకటి చెబితే తేలికగా తెలుస్తుంది. ముప్పై ఏళ్లుగా నాకు ఇంటర్ లెక్కల పరీక్ష కల వస్తోంది. వరండాలో బల్లలు, చేతిలో హాల్‌టికెట్ లేదు, గంట కొట్టేశారు. ఇన్విజిలేటర్ కుర్చీలో మా తాతయ్య, పైపంచె సర్దుకుంటూ. ఆయన రైతు. నేను ఇంటర్‌లో చేరకముందే పోయాడు. కలలో నాకు ఇందులో ఏ వింతా కనిపించదు. హాల్‌టికెట్ ఏదిరా అని ఆయన అడుగుతుంటే చెమటలు పడతాయి, అంతే. కల వింతను దాచిపెట్టదు, ఎదురుగానే కూర్చోబెడుతుంది. ఆశ్చర్యపోవడాన్ని మాత్రం మన దగ్గర్నుంచి లాగేసుకుంటుంది. ఊహలో నేను చెయ్యాల్సింది ఆ ఆశ్చర్యాన్ని తిరిగి తెచ్చుకుని సరైన చోట పెట్టడం. కళ్లు మూసుకుని వరండా చూస్తాను, బల్ల మీద ఎవరో కాంపస్ ముల్లుతో చెక్కిన పేరు చూస్తాను, తాతయ్య తలెత్తే క్షణం దాకా వస్తాను. తాతయ్యా, నువ్విక్కడున్నావంటే ఇది కల అని నాలో నేను అంటాను. ఆ తర్వాత చెయ్యబోయే పని ఒక్కటి, చిన్నది, ఊహిస్తాను. వెళ్లి ఆయన పక్కన కూర్చోవడం. ఈసారి కల కంటున్నప్పుడు కల అని గుర్తు తెచ్చుకుంటాను అనుకుంటాను. మళ్లీ మొదటి నుంచి.

తర్వాత వచ్చే కల ఇదే కానక్కర్లేదు. కానీ ఒక్కో మనిషి కలలకు తిరిగి తిరిగి వచ్చే ఆనవాళ్లు ఉంటాయి. పోయినవాళ్లు, అమ్మేసిన ఇల్లు, ఎంత నొక్కినా వెలగని లైటు, చూస్తుండగా మారిపోయే అక్షరాలు. లాబెర్జ్ వీటికి డ్రీమ్‌సైన్ అని పేరు పెట్టాడు. ఇప్పుడే వచ్చిన కలను ముడిసరుకుగా తీసుకోమనడంలోని నేర్పు అదే. కోరుకున్న కల వస్తుందో రాదో తెలియదు, అలవాటైన కల వస్తుందని మాత్రం తెలుసు. అమ్మమ్మ బీరువాలోని పట్టుచీరకు ముడెయ్యలేదు, ఒంటి మీది నేతచీరకే వేసింది.

ఇంకో అతుకు మరీ సున్నితం. కలలో తనను చూసుకుంటూనే, మంచం మీద నిద్రపోతున్న తన శరీరాన్ని కూడా చూసుకోమంటాడు లాబెర్జ్, రెప్పల కింద కళ్లు కదులుతుండగా. రెండు బొమ్మలు ఒకేసారి. మొదట నాకిది వట్టి అలంకారంలా తోచి కొన్ని నెలలు వదిలేశాను. ఎరుక కలలో తెలుసుకోవలసిన సంగతి సరిగ్గా అదేనని తర్వాత అర్థమైంది. నేను వరండాలోనూ ఉన్నాను, మంచం మీదా ఉన్నాను. తాతయ్యను చూసి ఇది వింత అనుకున్నంత మాత్రాన సరిపోదు. కలలో వింతకు ఏదో ఒక సాకు వెంటనే దొరుకుతుంది, తాతయ్య ఈ మధ్యే ఉద్యోగంలో చేరాడేమో అని. మంచం మీది శరీరాన్ని ముందే చూసి ఉంచుకుంటే మనసు ఆ సాకు దగ్గర ఆగిపోకుండా ముందుకు వెళ్తుంది.

ఊహలో బొమ్మ సరిగా కట్టదని దిగులుపడేవాళ్లు ఉంటారు. నాకూ ఆ దిగులుండేది, తాతయ్య ముఖం మసగ్గానే వచ్చేది. దాన్ని పోగొట్టింది లాబెర్జ్, బెంజమిన్ బెయర్డ్, ఫిలిప్ జింబార్డో 2018లో ప్రచురించిన ప్రయోగం. చెయ్యి చాచి, బొటనవేలితో గాలిలో నెమ్మదిగా సున్నా చుడుతూ దాన్నే చూడండి. కళ్లు గానుగెద్దులా నున్నగా తిరుగుతాయి. ఇప్పుడు అదే ఊహించుకోండి. కళ్లు అలా తిరగవు, చిన్న చిన్న గెంతులు వేస్తాయి. మనకు తెలియదు గానీ కళ్ల పక్కన అతికించిన తీగలకు తెలుస్తుంది. మరి నిద్రలో, ఎరుక కలగగానే, ముందే అనుకున్న ప్రకారం కలలోని బొటనవేలితో సున్నా చుడితే? కళ్లు నిజంగా చూస్తున్నప్పటిలాగే నున్నగా తిరిగాయి. ఆ ఒక్క పనిలో కల ఊహకన్నా చూపుకే దగ్గర చుట్టం. ఇది చదివిన రోజు నాకు కలిగిన నిశ్చింత ఇంతా అంతా కాదు. పడుకునేముందు మనం చేసేది ముగ్గుకు చుక్కలు పెట్టడం. వంకర లేని గీతలు కలిపే పని కల చూసుకుంటుంది. తాతయ్య ముఖం నేను పూర్తిగా దిద్దనక్కర్లేదు, ఆయన కూర్చున్న చోట చుక్క పెడితే చాలు.

చివరి అతుకు నిద్ర. ఆ మాటా ఆ బొమ్మా మనసులో ఆఖరుగా ఉండగా నిద్రలోకి జారాలి. మధ్యలో ఇంటి లోను వాయిదా గుర్తొస్తే మళ్లీ మొదటి నుంచి. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో డెన్‌హోమ్ ఆస్పీ బృందం 2017లో ప్రచురించిన అధ్యయనం ఈ అతుకు విలువను అంకెల్లో చూపించింది. ఐదు గంటల తర్వాత లేచి మైల్డ్ చేస్తూ, పగటిపూట ఇది కలా నిజమా అని పరీక్షించుకునే అలవాటును కూడా కలుపుకుని వారం రోజులు ప్రయత్నించినవాళ్లకు నూటికి 17 రాత్రులు ఫలించాయి. మైల్డ్ ముగించిన ఐదు నిమిషాల్లోపు నిద్రపట్టిన సందర్భాలు మాత్రమే తీసుకుంటే అది దాదాపు 46. మొదటి అంకెను కూడా మరిచిపోకూడదు. నూటికి ఎనభైకి పైగా రాత్రులు ఏమీ జరగదని అది చెబుతోంది. ఈ పద్ధతిని మెచ్చుకునేవాళ్లు ఆ మాట ముందుగా చెప్పాలి.

నిద్రకు ముందు ఊహ అనేది లాబెర్జ్‌తో మొదలు కాలేదు. టిబెట్ బౌద్ధుల స్వప్న యోగంలో, నిద్రలోకి జారుతూ కంఠం దగ్గర ఎర్రని అక్షరాన్ని ధ్యానించే సాధన ఉంది. టిబెట్ గురువు తార్థంగ్ టుల్కు నడిపిన శిక్షణ శిబిరంలో తాను పాల్గొన్నానని లాబెర్జే రాసుకున్నాడు. పతంజలి కూడా మనసును నిలపడానికి పట్టుకోదగిన ఊతల్లో స్వప్న, నిద్రల జ్ఞానాన్ని ఒకటిగా చెప్పాడు. ఆ సాధనల గమ్యం వేరు, పెద్దది. లాబెర్జ్ అంత దూరం మాట్లాడలేదు. గురువు, దీక్ష లేని మామూలు మనిషి మంచం మీద కూడా పనిచేసే ముక్కను నిక్కచ్చిగా కోసి తీశాడు.

కలలో ఎరుక కలిగిందని లేచాక చెప్పే మాటను లోకం నమ్మాలిగా. నిద్రలో ఉన్నవాడు నిర్ణయాలు తీసుకోవడమన్న మాటే అర్థం లేనిదని 1959లో తత్వవేత్త నార్మన్ మాల్కమ్ పుస్తకం రాసి మరీ వాదించాడు. రెమ్ నిద్రలో కాళ్లూ చేతులూ కట్టేసినట్టు ఉంటాయి, కళ్లకు మాత్రం ఆ కట్టు లేదు. ఇంగ్లండ్‌లోని హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హెర్న్ 1975లో ఆ సందు పట్టుకున్నాడు. ఆయన ప్రయోగంలో నిద్రపోయిన అలాన్ వర్స్‌లీ కలలోంచి కళ్లను ఎడమకూ కుడికీ అనుకున్న ప్రకారం తిప్పి కబురు పంపాడు. ఆ సంగతి తెలియకుండానే స్టాన్‌ఫర్డ్‌లో లాబెర్జ్ కూడా అక్కడికే చేరాడు. ఆయన ఇంకో అడుగు వేసి, కలలో పిడికిళ్లు బిగిస్తూ తన పేరు పొడి అక్షరాలను మోర్స్ సంకేతంలో పంపాడు. ఎడమ పిడికిలి చుక్క, కుడి పిడికిలి గీత. మూడు ఎడమలు ఎస్. ఎడమ, కుడి, ఎడమ, ఎడమ ఎల్. కదలని చేతుల కండరాల్లో మెదిలిన ఆ సన్నని అలికిడి తీగలకు అందింది. 1981లో అచ్చయిన ఆ పత్రాన్ని చదువుతుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. 2021లో అమెరికా, ఫ్రాన్స్, జర్మనీ, నెదర్లాండ్స్ బృందాలు కలలో ఉన్నవాళ్లను ప్రశ్నలడిగి జవాబులు రాబట్టాయి. ఎనిమిదిలోంచి ఆరు తీస్తే ఎంత అని అడిగితే, నిద్రలో ఉన్న ఒక యువకుడి కళ్లు రెండుసార్లు కదిలాయి.

దీన్ని చేసి చూడాలనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. నిద్రే సరిగా పట్టనివాళ్లు నిద్రను మధ్యలో తెంపుకోకూడదు. ఏది భ్రమ, ఏది నిజం అన్న గీత చెరిగిపోయే మానసిక ఇబ్బంది ఉన్నవాళ్లు వైద్యుణ్ని అడగకుండా దీని జోలికి పోకూడదు. ఒక్కోసారి మెలకువ వచ్చినా ఒళ్లు కదలని స్థితి ఎదురవుతుంది. కొద్దిసేపట్లో పోతుంది గానీ తెలియనివాళ్లు భయపడతారు. మరోవైపు, పీడకలను పగలు ఊహలో మార్చి చూసుకునే ఇమేజరీ రిహార్సల్ చికిత్స చాలాకాలంగా వైద్యుల చేతిలో ఉంది. మైల్డ్‌కు అది దగ్గరి బంధువు.

పోయిన మార్గశిరంలో ఒక తెల్లవారుజామున నాకు పరీక్ష కల రాలేదు. రైల్వే స్టేషన్ కల వచ్చింది. టికెట్ కౌంటర్ కటకటాల వెనక తాతయ్య ఉన్నాడు. చిల్లర ఇవ్వబోయి తలెత్తి చూశాను. నువ్విక్కడున్నావంటే, అన్న మాట నోటిదాకా వచ్చింది. తక్కిన మాట అననక్కర్లేకపోయింది. ప్లాట్‌ఫారం మీది రాళ్లు ఒక్కొక్కటిగా స్పష్టమయ్యాయి. తాతయ్య చుట్ట వాసన వచ్చింది. నేను తలుపు తీసుకుని లోపలికి వెళ్లి ఆయన పక్కన బల్ల మీద కూర్చున్నాను. ఆయనేమీ మాట్లాడలేదు, కాస్త జరిగి చోటిచ్చాడు. నిమిషం కూడా ఉండదు. లేచి చూస్తే ఐదుకు పది నిమిషాలు తక్కువ.

దీపం వెయ్యకుండా నోట్‌బుక్ అందుకుని తారీఖు వేశాను. కింద, తర్వాతి ముడి ఎక్కడ వెయ్యాలో రాసుకున్నాను: కౌంటర్ దగ్గర, తాతయ్య కాస్త జరిగిన చోట.